భూకంపం తర్వాత పాత కట్టడాన్ని నిలబెట్టుకోవడం ఎలా? విజయవాడ, గుంటూరు వాసులకు సమగ్ర మార్గదర్శి

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడ, గుంటూరులను కూడా కదిలించింది. ఆ తర్వాత పాత ఇళ్ళవాళ్ళు, గుడి ధర్మకర్తలు, పాత బడుల యాజమాన్యాలు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: "గోడ బీటవారింది, ఏం చేయించాలి?"

ముందుగా చెప్పాల్సింది, వెంటనే సిమెంటు మాత్రం పెట్టించకండి. పగులు పూడ్చి పూత వేయడం మొత్తం పనిలో చివర వస్తుంది. ముందు ఆనికలు (గోడ, దూలం పడిపోకుండా ఆపే కర్రలు, జాకీలు), తర్వాత నమోదు, ఆపైన కారణం తేల్చుకోవడం, అనుమతులు, లోపలి మరమ్మతు. ఈ వరుస తప్పితే భూకంపం మిగిల్చిన గోడను మరమ్మతే కూలుస్తుంది.

భూకంపాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) పటం ప్రకారం రెండు నగరాలూ మూడో భూకంప మండలంలో, అంటే మధ్యస్థ ముప్పులో, ఉన్నాయి. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో వచ్చిన భూకంపాలు గుర్తున్న పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. కాబట్టి ఇది ఒక్కసారి చేయించి మరిచిపోయే పని కాదు.

ఈ మార్గదర్శి ఇటుకా సున్నంతోనో రాతితోనో కట్టిన పాత కట్టడాలకు: బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని మిద్దెలు, విజయవాడ వన్‌టౌన్ పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు, సత్రాలు, రాతి మండపాలు. కాంక్రీటు స్తంభాల మీద లేచిన అపార్టుమెంట్లకు ఇది పనికిరాదు.

1. మొదటి వారం: ప్రాణం ముందు, గోడ తర్వాత

పెద్ద కుదుపు తర్వాత చిన్న కుదుపులు వస్తాయి. మొదటిసారి తట్టుకున్న గోడ రెండోసారి తట్టుకోకపోవచ్చు. అందుకే నగల పెట్టె కోసమో, దస్తావేజుల కోసమో లోపలికి వెళ్ళకండి.

మెయిన్ స్విచ్ బయటి నుంచి అందితే ఆపేయండి. గ్యాస్ వాసన వస్తే దూరం జరిగి 112కు ఫోను చేయండి. గోడ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం వరకు తాడు కట్టి మనుషులను, పశువులను రానివ్వకండి. వీధి వైపు పిట్టగోడలు, సజ్జలు, గోపురం మీది బొమ్మలు ముందుగా రాలిపడతాయి.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఇంజినీరు వచ్చి చూసేదాకా లోపల అడుగు పెట్టవద్దు:

- గోడ తూకం తప్పి ఒకవైపు ఒరగడం
- గోడ మధ్యలో పొట్టలా ఉబ్బడం
- రెండు గోడలు కలిసే మూల పైనుంచి కిందికి విడిపోవడం
- దూలం చివర గోడలోంచి బయటికి జారిన గుర్తు
- నిన్నటిదాకా తెరుచుకున్న తలుపు ఇవాళ పట్టేయడం
- గోడలోంచి ఆగకుండా పొడి రాలడం

పైకప్పు తెరుచుకుంటే టార్పాలిన్ కప్పించండి. తడిసిన గోడ బరువెక్కుతుంది, అందులోని పాత సున్నం మెత్తబడుతుంది.

ఈ వారంలోనే "శిథిల భవనం" అని నగరపాలక సంస్థ నోటీసు రావచ్చు. భయంతో కూల్చివేతకు సంతకం పెట్టేయకండి. మరమ్మతుకు వీలుందని స్ట్రక్చరల్ ఇంజినీరు రాసిచ్చిన నివేదిక జతచేసి, గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆనికలు పెట్టించిన ఫొటోలు ఉంటే మీ మాటకు బరువు పెరుగుతుంది.

2. ఆనికలు: పట్టి ఉంచాలి, ఎత్తకూడదు

ఆనికలకు మన దగ్గర సులభంగా దొరికేవి సరుగుడు కర్రలు. అద్దెకు ఇనుప జాకీలు దొరికితే ఇంకా మంచిది. ఏది వాడినా, జాకీ తిప్పి ఒరిగిన దూలాన్ని పాత మట్టానికి లేపాలని చూడకండి. అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే పట్టి ఉంచడం వరకే ఆనిక పని.

వరుస ఇదీ. ముందు దూలాల కింద, తర్వాత గుమ్మాల పైన కమానుల కింద, ఆ తర్వాత బయటి గోడలకు ఏటవాలు ఆనికలు. ఏటవాలు కర్ర పైకొన గోడా, కప్పూ కలిసే మట్టంలో ఆనాలి. గోడ మధ్యలో ఆనిస్తే అదే గోడను లోపలికి తోస్తుంది.

కర్రకు పైనా కిందా పలక తప్పనిసరి. గుంటూరు నల్లరేగడిలో ఒక్క వాన పడితే పలక లేని కర్ర జానెడు దిగిపోతుంది. కింద వెడల్పాటి చెక్క వేసి, రెండు చెక్క చీలలను (ఒక కొన పలుచగా ఉండే ముక్కలను) ఎదురెదురుగా చేత్తో బిగించండి. సుత్తితో బాదితే ఆ అదురు గోడకు చేరుతుంది.

పచ్చి సరుగుడు ఎండేకొద్దీ కుంచించుకుపోతుందన్నది చాలామంది పట్టించుకోని సంగతి. పెట్టిన రోజు బిగువుగా ఉన్న ఆనిక కొద్ది రోజులకే చేతికి కదులుతుంది. మొదటి రెండు వారాలు రోజూ ఉదయం ప్రతి కర్రనూ పట్టుకుని చూడండి. వదులైతే చీల బిగించండి.

3. నమోదు చేయండి, రాలినదాన్ని దాచండి

ట్రాక్టరు పిలిచి శిథిలాలు ఎత్తించడమే చాలాచోట్ల జరిగే మొదటి పని. దానితోనే కట్టడం సగం పోతుంది. రాలిన ఇటుక, చెక్కిన కమ్మి, దూలం ముక్క, పెంకు అన్నీ మరమ్మతుకు కావలసిన సరుకే. ఆ కొలత ఇటుక ఇప్పుడు ఏ బట్టీలోనూ దొరకదు.

- ప్రతి గదికి ఒక అంకె, ప్రతి గోడకు ఒక అక్షరం ఇవ్వండి.
- గోడకు ఎదురుగా నిలబడి ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి పగులు దగ్గరి నుంచి ఒక ఫొటో తీయండి.
- చేత్తో గీసిన పటం మీద పగుళ్ళను ఎర్ర సిరాతో వేయండి. తేదీ రాయండి.
- రాలినవాటిని ఏ గోడవి ఆ గోడ పేరుతో విడివిడిగా పేర్చండి. చెక్కను నేలకు తగలకుండా, నీడలో పెట్టండి.
- చెక్కిన రాళ్ళ మీద రంగుతో అంకెలు రాయకండి. గుడ్డపట్టీ మీద రాసి కట్టండి.

2015 నేపాల్ భూకంపంలో కాఠ్మాండులోని పాత చెక్క కట్టడం కాష్ఠమండపం కూలిపోయింది. శిథిలాలను పక్కకు నెట్టేయకుండా తవ్వి పరిశీలిస్తే పునాదులు గట్టిగానే ఉన్నాయని, నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకటి మాత్రం తన పీఠపు రాతిలో కూర్చుని లేదని తేలింది. పాత మరమ్మతు వదిలేసిన లోపం అది. శిథిలాలు ఎత్తేసి ఉంటే కొత్త పునాది అంటూ ఉన్న మంచి పునాదినే పెకలించేవారు.

4. పగుళ్ళను చదవడం

ఇక్కడ తొందరపడితే మిగతా ఖర్చంతా వృథా. కారణం తెలియకుండా మందు లేదు.

ముందు పగులు కొత్తదా, పాతదా చూడండి. టార్చి ఏటవాలుగా పట్టి లోపలికి చూడండి. పగులు అంచుల లోపలికి వెల్లసున్నం దిగి ఉన్నా, సాలెగూడు, నల్లటి దుమ్ము ఉన్నా అది పాతదే. అంచులు పదునుగా ఉండి, లోపల ఇటుక ఎర్రగా తాజాగా కనిపిస్తే కొత్తది. పాత పగులు ఈ కుదుపుకు వెడల్పయి ఉండవచ్చు. అప్పుడు లోపల సగం మేర దుమ్ము, మిగతాది తాజాగా ఉంటుంది.

రెండోది, నేల. నల్లరేగడి వేసవిలో కుంచించుకుని నెర్రెలు ఇస్తుంది, వానలకు ఉబ్బుతుంది. దానివల్ల వచ్చే పగుళ్ళు ఏప్రిల్, మే నెలల్లో తెరుచుకుని, వానాకాలంలో దగ్గరపడతాయి. తరచుగా ఇంటి మూలల దగ్గర, మెట్లుమెట్లుగా ఇటుకల సందుల్లో నడుస్తాయి. గుంటూరులో "భూకంపం పగులు" అని చూపించేవాటిలో చాలావాటికి కారణం గోడ వారనున్న చెట్టో, కారుతున్న కుళాయి గొట్టమో అని నా అనుభవం.

కుదుపు వల్ల వచ్చేవాటి తీరు వేరు:

- రెండు కిటికీల మధ్య గోడ మీద ఇంటూ గుర్తులా ఏటవాలు పగుళ్ళు: గోడ తన పొడవునా అటూ ఇటూ ఊగింది.
- మూలల్లో నిలువు పగులు, పైన వెడల్పు, కింద సన్నం: గోడలకు ఒకదానితో ఒకటి పట్టు లేదు. ఇది ప్రమాదకరం.
- కప్పు కింద అడ్డంగా సాగే పగులు: కప్పు గోడ మీద జారింది.
- కమాను నడినెత్తిన పగులు, మధ్యరాయి కిందికి దిగడం: కమాను కాళ్ళు దూరం జరిగాయి.
- పగులు లేకుండానే గోడ ఉబ్బడం: బయటి పొర, లోపలి పొర విడిపోయాయి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

చివరిదానికి ఒక ఉదాహరణ. 1993 సెప్టెంబరు 30 లాతూరు భూకంపంలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అక్కడి మందపాటి రాతిగోడల్లో రెండు ముఖాలనూ కలిపే పొడవాటి రాళ్ళు లేవు. మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. పైన బరువైన మట్టికప్పు. కుదుపుకు రెండు పొరలూ చెరోవైపు విడిపోయాయి. మన పాత రాతిగోడల్లో కూడా ఈ నింపుడు ఉంటుంది. చేతి పిడికిలితో తట్టి చూడండి, గుల్ల శబ్దం వచ్చిన మేర సుద్దముక్కతో గీత గీయండి.

ఇక పగులు ఇంకా కదులుతోందా? పూత గీకి, ఇటుక బయటపడ్డాక, పగులుకు అడ్డంగా పలుచని గాజుపట్టీని రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. పూత మీదే అతికిస్తే పూత కదలిక తెలుస్తుంది, గోడది తెలియదు. పట్టీ పగిలితే కదలిక ఉన్నట్టే. ఇంకా కచ్చితంగా కావాలంటే పగులుకు అటూ ఇటూ రెండు చిన్న మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరం వెర్నియర్ కాలిపర్స్‌తో వారం వారం ఒకే వేళకు కొలవండి. రెండు నెలలు. కుదిరితే ఒక వేసవి, ఒక వానాకాలం.

భూకంపం ఊసే లేకుండా 2010 మే 26న కుప్పకూలిన శ్రీకాళహస్తి రాజగోపురాన్ని గుర్తుంచుకోండి. పగుళ్ళు ముందే కనిపించాయి. కొలతలు లేకుండా "ఎప్పటి నుంచో ఉన్నదే" అని సరిపెట్టుకోకూడదు.

5. అనుమతులు, ఇంజినీరు

ఉండవల్లి, మొగల్రాజపురం గుహల వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ పరిధిలో మీ ఇల్లున్నా మరమ్మతుకు అనుమతి కావాలి. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇల్లయితే నిషేధిత ప్రాంతంలో కూడా మరమ్మతుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రాష్ట్ర రక్షిత కట్టడమైతే రాష్ట్ర పురావస్తు శాఖను, గుడి అయితే దేవాదాయ శాఖను ముందుగా అడగాలి. రక్షిత కట్టడాన్నే అయితే మీరు తాకకూడదు. కబురు చేయడం వరకే.

ఇంజినీరును ఎంచుకునేటప్పుడు ఒకటే పరీక్ష. ఐఎస్ 13935 ప్రకారం నష్టం స్థాయి ఎంతో రాసివ్వమనండి. ఇటుక, రాతి కట్టడాల మరమ్మతుకూ పటిష్ఠతకూ ఉన్న ప్రమాణం అది. కాంక్రీటు కోసం తయారైన సుత్తి పరీక్ష సున్నపు గోడ మీద చేసి అంకె చెప్పే మనిషైతే మర్యాదగా నమస్కారం చెప్పి పంపించేయండి.

6. సున్నం సిద్ధం చేసుకోవడం

సిమెంటు ఎందుకు వద్దంటే, అది పాత ఇటుక కన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. గోడలోని తేమ సిమెంటు పూత వెనక చేరి, ఉప్పులతో కలిసి ఇటుకను పొడిగా రాల్చేస్తుంది. మళ్ళీ కుదుపు వస్తే మెత్తటి సున్నపు సందు కొంచెం సర్దుకోగలదు. సిమెంటు సందు సర్దుకోదు, పక్కనున్న ఇటుకే పగులుతుంది.

పొడిసున్నానికి, అంటే ఇంకా నీళ్ళు తగలని కాల్చిన సున్నానికి, పిడుగురాళ్ళ మనకు దగ్గరే. కొనేటప్పుడు గాలికి పొడైపోయినది కాకుండా గడ్డలుగా ఉన్నది అడగండి.

- ఇనుప తొట్టిలోనో, నేలలో కట్టిన తొట్టిలోనో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నపు గడ్డలు కొద్దికొద్దిగా వేయండి. గడ్డల మీద నీళ్ళు పోయకండి. సలసల మరిగి ఎగజిమ్ముతుంది.
- కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్ డ్రమ్ములు వాడకండి, వేడికి కరుగుతాయి.
- చల్లారాక సన్న జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ళ మేర నీళ్ళు నిలిచేలా నానబెట్టండి. కనీసం నెల, వీలైతే మూడు నెలలు.
- సిద్ధమైన సున్నం గడ్డపెరుగులా తాపీకి అంటుకుంటుంది. వేళ్ళ మధ్య రుద్దితే రవ్వ తగలకూడదు. తగిలితే ఉడకని గడ్డ ఉన్నట్టే. అది గోడలోకి పోయాక ఉడికి పూతను పొక్కులు పొక్కులుగా లేపుతుంది.

తర్వాత సుర్ఖీ, అంటే ఇటుకపొడి. ఇది అలంకారం కాదు. మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. గోడ లోపల గాలి అందదు కాబట్టి, నీళ్ళలోనే గట్టిపడే గుణం కోసం ఇటుకపొడి కలపాలి. మరీ మాడిన ఇటుకల పొడి పనికిరాదు. తక్కువ కాలిన ఇటుకలను దంచి, సన్నగా జల్లించండి.

మొదటి నమూనాకు సున్నం ఒక పాలు, సుర్ఖీ ఒక పాలు, ఉప్పు లేని ఏటి ఇసుక రెండు పాళ్ళు. పాత గోడలోని సున్నపు ముక్క పక్కన పెట్టి రంగు, రవ్వ పోల్చండి. కొత్తది పాతదానికన్నా గట్టిగా ఉండకూడదు. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలపాలా అని అడుగుతుంటారు. నమూనాలో నిలిస్తే కలపండి. బెల్లం ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు పట్టేది వేరే.

ఈ దశలో మేస్త్రీతో ఒక సంభాషణ తప్పదు.

"కొంచెం సిమెంటు వేస్తే తప్పేముందండీ? వారంలో అయిపోతుంది."

"మేస్త్రీ గారూ, వెనక గోడ మీద ఒక గజం మీ పద్ధతిలో, ఒక గజం సున్నంతో వేయండి. వాన పడ్డాక ఇద్దరం చూద్దాం."

వాదించే కన్నా ఇదే నయం.

7. మరమ్మతు వరుస

సున్నం పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. రోహిణి కార్తె ఎండలో సున్నం ఆరిపోతుందే కానీ గట్టిపడదు.

*నీరు.* గోడ వారనున్న కారుడు గొట్టాలు, వాననీటి తూములు మొదట బాగుచేయండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన ఇళ్ళయితే గోడల కింది భాగం పూర్తిగా ఆరిందో లేదో చూసుకోండి.

*అల్లిక.* సుమారు 5 మిల్లీమీటర్ల కన్నా వెడల్పు పగులు, లేదా ఇటుకలే విరిగిన చోట, విరిగినవి ఒక్కొక్కటిగా తీసి, పగులుకు రెండువైపులా పట్టు దొరికేలా పొడవాటి ఇటుకలతో అల్లండి. ఒకేసారి ఒక గజం కన్నా ఎక్కువ తెరవకండి. ఉబ్బిన భాగాన్ని నింపడం కుదరదు. ఆనిక పెట్టి, విప్పి, రెండు ముఖాలనూ కలిపే రాళ్ళతో తిరిగి కట్టాలి.

*గ్రౌటింగ్ (పగులు లోపలికి సున్నపు జావ పోయడం).* అంతకన్నా సన్నని పగుళ్ళకు. పగులు వెంట జానెడుకొకటి చొప్పున చిన్న రంధ్రాలు వేసి గొట్టాలు పెట్టండి. మిగతా పగులును పైపైన సున్నంతో మూయండి. ముందురోజు నీళ్ళతో కడగండి. సుర్ఖీ కలిపిన సున్నపు జావను కింది గొట్టం నుంచి మొదలుపెట్టి, పై గొట్టంలోంచి వచ్చేదాకా పోసి, కిందిది మూసి పైకి వెళ్ళండి. తలెత్తున పెట్టిన గరాటు బరువే చాలు. పంపు వాడితే ఒత్తిడి ఒక బార్ దాటనివ్వకండి. ఒత్తిడి ఎక్కువైతే లోపలే గోడ పొరలు విడిపోతాయి. రోజుకు ఒక మీటరు ఎత్తుకు మించి వద్దు. వెంట్రుకంత పగుళ్ళను వదిలేయండి, వెల్ల పూస్తే చాలు.

*బిగింపు.* విడిపోయిన మూలలకు, ఎదురెదురు గోడలకు కప్పు మట్టంలో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ, రెండు చివరలా పలక, నట్టు. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి గోడనే చీలుస్తుంది. గ్రౌటు గట్టిపడ్డాకే తుది బిగింపు. ఎంత బిగించాలో ఇంజినీరు చెప్పాలి. రంధ్రాలకు దెబ్బకొట్టే డ్రిల్లు కాకుండా తిరిగే డ్రిల్లు వాడండి. పలకలు బయటికి కనిపిస్తాయని బాధపడకండి. ఏది కొత్తదో తెలియడం, రేపు విప్పడానికి వీలుండడం రెండూ మంచివే.

*కప్పు.* దూలం చివర గోడలో కూర్చున్న చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. సులువుగా దిగితే చెదలో, కుళ్ళో ఉంది. మొత్తం దూలం మార్చనక్కరలేదు. చెడిన చివర కోసి, అదే జాతి చెక్కతో ఏటవాలు అతుకు వేసి బోల్టులు బిగించండి. దూలాన్ని ఇనుప పట్టీతో గోడకు కట్టండి. చివర చుట్టూ కాస్త గాలి ఆడనివ్వండి.

మిద్దె కారుతోందని ఏళ్ళ తరబడి పైన వేసిన కాంక్రీటు పొరలు తీయించండి. మూడంగుళాల పొర చదరపు మీటరుకు సుమారు 180 కిలోలు. నాలుగు మీటర్లకు ఐదు మీటర్ల గది మీద అది మూడున్నర టన్నులు దాటుతుంది. భూమి ఊగినప్పుడు ఆ బరువంతా గోడ తలను పట్టి లాగుతుంది.

*పూత.* పొరకు అరంగుళం మించకుండా, పొరకూ పొరకూ మధ్య గడువిచ్చి వేయండి. తడి గోనెపట్టాలు కప్పి పది, పదిహేను రోజులు తేమ ఆరనివ్వకండి.

రాతి మండపాల్లో సున్నం లేకుండా రాయి మీద రాయి కూర్చున్న సందులను సిమెంటుతో నింపవద్దు. స్తంభం పీఠం మీద ఎంత జరిగిందో, దూలం రాయి తల మీద ఎంత మేర ఆనుతోందో కొలిచి స్థపతికి (గుడి కట్టే శిల్పికి) చూపండి. గచ్చు బొమ్మలకు ఎనామెల్ రంగు, శిల్పాలకు ఇసుక ఊదే శుభ్రత రెండూ వద్దే వద్దు.

8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

- *సిమెంటు పూత ముందే వేసేశారు:* చిన్న ఉలితో నెమ్మదిగా తీయండి. ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంటే అక్కడ ఆపేసి, మిగతా చోట్ల గోడకు గాలి తగలనివ్వండి.
- *గ్రౌటు ఎక్కడికి పోతోందో తెలియడం లేదు:* పోసిన లీటర్లు రాయండి. లెక్కకు మించి తాగుతుంటే ఆపండి. లోపల ఎలుక బొరియో, పాత గూడో ఉండవచ్చు.
- *పూత పొడిపొడిగా రాలుతోంది:* తేమ చాలకుండా ఆరిపోయింది. గీకి, గోడ తడిపి, నీడ కట్టి మళ్ళీ వేయండి.
- *మరమ్మతు చేసిన పక్కనే కొత్త పగులు:* కదలిక ఆగకముందే పూడ్చారు. గాజుపట్టీ పెట్టి 4వ దశ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

9. పని అయ్యాక

- ఏడాదికి రెండుసార్లు, మే చివర ఒకసారి, నవంబరు తుఫానుల తర్వాత ఒకసారి, పాత మేకుల మధ్య దూరం కొలవండి.
- కడ్డీల నట్లు వదులయ్యాయేమో ఏటా చూడండి.
- పిట్టగోడ మీద నీళ్ళ ట్యాంకు, సెల్ టవరు, ఫ్లెక్సీ చట్రం పెట్టనివ్వకండి.
- రావి, మర్రి మొలకలను వేలెడంత ఉన్నప్పుడే వేళ్ళతో సహా తీయండి.
- కొలతల పుస్తకం, ఫొటోలు, సున్నం పాళ్ళు రాసిన కాగితం ఒక నకలు ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర ఉంచండి.